విమానం తలుపు దగ్గరి చిన్న ప్లేటు
(న్యాయశాస్త్ర విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఎండలో ఇంతమంది వచ్చి కూర్చున్నారు, సంతోషం.

ఈసారి విమానం ఎక్కేటప్పుడు తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి చూడండి. చాలా విమానాల్లో తలుపు అంచు మీదో, కాక్‌పిట్ దగ్గరో ఒక చిన్న లోహపు ప్లేటు బిగించి ఉంటుంది. ఈ విమానం ఫలానా కంపెనీ సొత్తు, ఫలానా ఎయిర్‌లైన్‌కు అద్దెకు ఇచ్చాం అని దాని మీద రాసి ఉంటుంది. తోక మీద రంగులు మన ఎయిర్‌లైన్‌వి. ప్లేటు మీద పేరు మాత్రం చాలాసార్లు ఐర్లాండ్ కంపెనీది. మన దేశంలో తిరిగే ప్రయాణికుల విమానాల్లో నూటికి ఎనభైకి పైగా అద్దెవే. ప్రపంచం మొత్తం మీద చూస్తే ఆ లెక్క దాదాపు సగం.

ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ ప్లేటు నుంచే మొదలవుతుంది. ఆ ప్లేటు మీద పేరున్నవాళ్లకు మన చట్టం ఏం చేసింది, టికెట్ మీద పేరున్నవాళ్లకు ఏం చేసింది? ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడమని మిమ్మల్ని అడగడానికే వచ్చాను.

ముందు ఈ అద్దె వ్యవహారం ఎలా నడుస్తుందో చూద్దాం. ఎయిర్‌లైన్ వందల విమానాలకు ఒకేసారి ఆర్డర్ ఇస్తుంది. అంత ఆర్డర్ కాబట్టి ధర బాగా తగ్గుతుంది. విమానం చేతికి వచ్చిన రోజే దాన్ని అద్దె కంపెనీకి అమ్మేసి, అదే విమానాన్ని పదీ పన్నెండేళ్లకు అద్దెకు తీసుకుంటుంది. చేతిలో నగదు ఉంటుంది, నెత్తిన పెద్ద అప్పు ఉండదు. మన ఊళ్లలో లారీ ఫైనాన్స్ తెలిసినవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. కంతు కట్టకపోతే ఫైనాన్స్ వాళ్లు వచ్చి లారీ పట్టుకుపోతారు. విమానం దగ్గరే చిక్కు. రిజిస్ట్రేషన్ రద్దు కాకుండా దాన్ని దేశం దాటించలేరు. ఆ రద్దు చేయాల్సింది డీజీసీఏ, అంటే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్.

ఈ చిక్కు తీర్చడానికే 2001లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో దేశాలన్నీ కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నాయి. అద్దె కట్టకపోతే యజమాని తన విమానాన్ని త్వరగా వెనక్కి తీసుకోగలగాలి అన్నది దాని సారం. ఎయిర్‌లైన్ ముందుగానే ఒక కాగితం మీద సంతకం చేసి ఇస్తుంది. రేపు మేం డబ్బు కట్టకపోతే మీరే వెళ్లి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోండి, మేం ఈ అనుమతి వెనక్కి తీసుకోం అని. భారతదేశం 2008లో ఈ ఒప్పందంలో చేరింది.

చేరింది గానీ పార్లమెంటులో చట్టం చేయలేదు. మీరు రాజ్యాంగం చదువుకున్నారు, 253వ అధికరణం తెలుసు. విదేశాలతో చేసుకున్న ఒప్పందం మన కోర్టుల్లో నిలబడాలంటే దానికొక చట్టం ఉండాలి. 2018లో ఒక ముసాయిదా వచ్చింది, అక్కడే ఆగిపోయింది. ఈలోగా 2016లో దివాలా చట్టం వచ్చింది. అందులో 14వ సెక్షన్ ఒకసారి తీసి చదవండి. ఒక కంపెనీ దివాలా పిటిషన్ అనుమతి పొందగానే మారటోరియం మొదలవుతుంది. ఆ కంపెనీ చేతిలో ఉన్న ఆస్తిని అసలు యజమాని గానీ, అద్దెకిచ్చినవాడు గానీ తీసుకుపోకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. ఫ్యాక్టరీ షెడ్డుకు అది సరైన నియమమే. షెడ్డు లాగేసుకుంటే కంపెనీ మళ్లీ లేవదు. కానీ విమానం విషయంలో మనం కేప్‌టౌన్‌లో సంతకం చేసిన మాటకు ఇది పూర్తిగా ఎదురు. ఒక చేత్తో ఇచ్చిన మాట, ఇంకో చేత్తో రాసిన చట్టం. రెండూ ఒక రోజు ఢీకొనక తప్పదు.

ఆ రోజు 2023 మే నెలలో వచ్చింది.

గో ఫస్ట్ అనే ఎయిర్‌లైన్ మే 2న తనంతట తానే దివాలా పిటిషన్ వేసింది. మాకు అప్పిచ్చినవాళ్లు కాదు, మేమే వచ్చాం అని. దివాలా చట్టంలో పదో సెక్షన్ అందుకే ఉంది. తమ ఎయిర్‌బస్ విమానాలకు ప్రాట్ అండ్ విట్నీ కంపెనీ ఇంజిన్లు సరిగా అందించలేదని, దాదాపు సగం విమానాలు నేల మీదే ఉండిపోయాయని గో ఫస్ట్ చెప్పింది. ఇంజిన్ కంపెనీ ఒప్పుకోలేదు. ఆ తగవు లోతుల్లోకి నేను వెళ్లను. మే 3 నుంచి విమానాలు ఆగిపోయాయి. మే 10న ఢిల్లీలోని ఎన్‌సీఎల్‌టీ, అంటే దివాలా కేసులు వినే కంపెనీ లా ట్రిబ్యునల్, పిటిషన్‌ను అనుమతించింది. ఆ క్షణం నుంచి మారటోరియం. మొత్తం 54 విమానాలు. అద్దె కంపెనీలు డీజీసీఏ దగ్గరికి వెళ్లి రద్దు చేయండి అని అడిగితే, మారటోరియం ఉంది, మా చేతులు కట్టేసి ఉన్నాయి అన్నది అక్కడి జవాబు.

ఆగిన విమానం ఆగినట్టు ఉండదు. ఇది లాయర్లు తరచూ మర్చిపోయే సంగతి. ఇంటి ముందు నెల రోజులు కదలని కారుకే బ్యాటరీ పోతుంది. విమానానికి అయితే ఇంజిన్లు కప్పి ఉంచాలి, టైర్లు తిప్పుతూ ఉండాలి, తేమ తగలకుండా చూడాలి, ప్రతి పనికీ రికార్డు రాయాలి. రికార్డు లేని విమానాన్ని ఇంకొకరు అద్దెకు తీసుకోరు. మా విమానాల్లోంచి భాగాలు మాయమయ్యాయి అని కూడా కొందరు యజమానులు కోర్టులో చెప్పుకున్నారు. లోపలికి వెళ్లి చూసుకోవడానికి, మరమ్మతు చేసుకోవడానికి అనుమతి కోసమే జూలైలో హైకోర్టు ఉత్తర్వు కావాల్సి వచ్చింది. తన సొంత వస్తువును తడిమి చూసుకోవడానికి యజమాని కోర్టు మెట్లెక్కాడు.

ఇప్పుడు తేదీలు గమనించండి. అదే మే నెలలో, అద్దె కంపెనీలూ విమాన తయారీదారులూ కలిసి నడిపే ఏవియేషన్ వర్కింగ్ గ్రూప్ భారతదేశాన్ని నెగటివ్ వాచ్‌లిస్టులో పెట్టింది. అంటే ఈ దేశానికి విమానాలు ఇవ్వడం ప్రమాదం అని ప్రపంచానికి చెప్పింది. అక్టోబర్ 3న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. 14వ సెక్షన్ మారటోరియం ఇక విమానాలకూ ఇంజిన్లకూ వర్తించదు అని. ఐదు నెలలు పట్టింది. 2024 ఏప్రిల్ 26న ఢిల్లీ హైకోర్టు, ఆ 54 విమానాల రిజిస్ట్రేషన్ ఐదు పనిదినాల్లో రద్దు చేయమని డీజీసీఏని ఆదేశించింది. 2025 ఏప్రిల్‌లో పార్లమెంటు విమాన వస్తువుల ప్రయోజనాల పరిరక్షణ చట్టం చేసింది. మే 1 నుంచి అది అమల్లో ఉంది. ఇప్పుడు మన దేశంలోని వేరే చట్టంతో తేడా వస్తే కేప్‌టౌన్ ఒప్పందమే పైన. దివాలా జరిగినా, రెండు నెలల్లోగా బాకీలు సరిచేయకపోతే విమానం యజమానికి అప్పగించాలి.

ఈ చట్టం మంచిదే. ఇది నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. విమానం తిరిగి వస్తుందన్న నమ్మకం లేనివాడు అద్దె ఎక్కువ అడుగుతాడు, డిపాజిట్ ఎక్కువ అడుగుతాడు. ఆ భారం చివరికి టికెట్ మీదే పడుతుంది. 2012లో కింగ్‌ఫిషర్ ఆగిపోయినప్పుడు కూడా విమానాలు వెనక్కి తీసుకోవడానికి యజమానులు కోర్టుల చుట్టూ తిరిగారు. అప్పుడే చట్టం చేసి ఉంటే 2023లో ఇంత రభస ఉండేది కాదు.

ఇక టికెట్ మీద పేరున్న మనిషి దగ్గరికి వద్దాం.

కొన్నేళ్ల కిందట ఒక రిటైర్డ్ మాస్టారు నా ఆఫీసుకు వచ్చారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అందరి కుటుంబాలనూ కాశీ తీసుకెళ్దామని 11 టికెట్లు కొన్నారు. పీఎఫ్ డబ్బు. ఆ ఎయిర్‌లైన్ మూతపడింది. ఏ ఎయిర్‌లైన్ అన్నది ఇక్కడ అనవసరం. క్లెయిమ్ ఫారం నింపి పంపాలి మాస్టారూ అని చెప్పాను. ఫారంలో అప్పు వివరాలు, బాకీ మొత్తం అని గళ్లున్నాయి. ఆయన కళ్లజోడు సర్దుకుని అది రెండుసార్లు చదివి అడిగారు: “బాబూ, నేను వాళ్లకు అప్పివ్వలేదు కదా. టికెట్ కొనుక్కున్నాను. నన్ను అప్పులవాళ్ల వరసలో ఎందుకు నిలబెడుతున్నారు?”

పాతికేళ్ల ప్రాక్టీసులో నన్ను అంతగా ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఇంకొకటి లేదు. ఆ వరస ఎలా ఉంటుందో దివాలా చట్టం 53వ సెక్షన్‌లో చూడండి. కంపెనీని మూసి ఆస్తులు అమ్మితే ముందు దివాలా ప్రక్రియ ఖర్చులు. తర్వాత కార్మికుల బాకీలు, తాకట్టు ఉన్న బ్యాంకులు. తర్వాత మిగతా ఉద్యోగుల జీతాలు. ఆ తర్వాత తాకట్టు లేని ఆర్థిక రుణదాతలు, అంటే డబ్బు అప్పుగా ఇచ్చినవాళ్లు. తర్వాత ప్రభుత్వ బకాయిలు. ఆరో మెట్టు మీద ‘మిగిలిన అప్పులు’. మాస్టారు ఆ ఆరో మెట్టు మీద ఉన్నారు. ఎయిర్‌లైన్‌కు సొంత విమానాలు పెద్దగా ఉండవని ఇందాకే చెప్పుకున్నాం. విమానాలు యజమానులు తీసుకుపోతారు. ఇక అమ్మడానికి ఏం మిగులుతుంది? ఆరో మెట్టు దాకా ఏం వస్తుంది? జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగింది. దాన్ని మూసేసి ఆస్తులు అమ్మమని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2024 నవంబర్. వేలమంది ఉద్యోగులు ఐదున్నరేళ్లు ఎదురుచూశారు. ప్రయాణికులు ఈలోగా ఆశ వదిలేసుకున్నారు.

నష్టపరిహారం సంగతి ఇంకా బాధగా ఉంటుంది. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన విమానం మంగళూరు రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు. గల్ఫ్‌లో కష్టపడి ఇంటికి వస్తున్నవాళ్లు ఎందరో అందులో ఉన్నారు. మన కడప, కరీంనగర్, కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లే కుటుంబాలకు ఆ ప్రయాణం అంటే ఏమిటో నేను వివరించక్కర్లేదు. అంతకు ఏడాది ముందే భారతదేశం మాంట్రియల్ ఒప్పందంలో చేరింది. ఆ ఒప్పందం ప్రకారం ఒక పరిమితి వరకు ఎయిర్‌లైన్ తప్పును బాధితులు రుజువు చేయనక్కర్లేదు. అయితే ఆ పరిమితి ప్రతి కుటుంబానికీ కనీసంగా దక్కాల్సిన మొత్తమా, లేక నష్టం ఎంతో రుజువు చేసుకోవాలా? కేరళ హైకోర్టులో ఒక్క జడ్జి 2011లో కనీసం 75 లక్షలు ఇవ్వాల్సిందే అన్నారు. అదే ఏడాది ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచ్ ఆ తీర్పును కొట్టేసింది. ఒక మృతుడి కుటుంబం కేసు వినియోగదారుల కమిషన్ మీదుగా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 7 కోట్ల 64 లక్షల పరిహారం తేలింది. ఎప్పుడు? 2020 మే నెలలో. పదేళ్ల తర్వాత.

విమానాల యజమానులకు ఏడాదిలో న్యాయం దొరికింది, ఈ కుటుంబానికి పదేళ్లు పట్టింది. జడ్జీలను తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. యజమానుల వెనక ఏవియేషన్ వర్కింగ్ గ్రూప్ లాంటి, దేశాలకు రేటింగ్ ఇచ్చే సంస్థ ఉంది, వాళ్లు విమానాలు ఇవ్వం అంటే దేశం ఆగిపోతుంది. మాస్టారికి, ఆ కుటుంబానికి అలాంటి బలం ఏదీ లేదు. వాళ్ల బలం చట్టం ఒక్కటే. ఆ చట్టం వాళ్ల వైపు ఎంత పలచగా ఉందో చూడండి.

విమానం రద్దయితే ఇచ్చే పరిహారం పార్లమెంటు చట్టంలో లేదు, డీజీసీఏ నిబంధనల్లో ఉంది. గంట లోపు ప్రయాణానికి 5,000, రెండు గంటల లోపు 7,500, ఆపైన 10,000 రూపాయలు. లేదా బేస్ ఫేర్ (పన్నులు కలపని టికెట్ ధర), ఇంధన చార్జీ కలిపిన మొత్తం. ఈ రెండింటిలో ‘ఏది తక్కువైతే అది’. ఈ మూడు మాటల దగ్గర ఆగండి. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వైజాగ్ రావాలని రెండు నెలల ముందు 3,000 పెట్టి టికెట్ కొన్న పిల్లాడికి, ఆఖరి రోజు విమానం రద్దయితే కొత్త టికెట్ ఎంత అవుతుందో మీకు తెలుసు. అతనికి వచ్చే పరిహారం మాత్రం ఆ పాత టికెట్ బేస్ ఫేర్ దాటదు. యూరప్‌లో దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల దాకా ఇస్తారు, టికెట్ ఎంతకు కొన్నావు అని అడగరు.

నియంత్రణ సంస్థ గురించి చెప్పకపోతే ఇది అసంపూర్తిగా ఉంటుంది. 2014 జనవరిలో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ మన దేశాన్ని రెండో కేటగిరీకి దించింది. మన విమానాలు బాగాలేవని కాదు. వాటిని తనిఖీ చేసే మన వ్యవస్థలో తగినంత మంది నిపుణులు లేరని. అమెరికాకు కొత్త సర్వీసులు పెట్టుకునే వీలు లేకుండా పోయింది. హడావిడిగా నియామకాలు చేసి 2015 ఏప్రిల్‌కు మళ్లీ మొదటి కేటగిరీ తెచ్చుకున్నాం. దశాబ్దం గడిచాక, డీజీసీఏలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీ అని పార్లమెంటరీ స్థాయీ సంఘం మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

ఖాళీల కన్నా పెద్ద సంగతి అధికారం ఎవరిది అన్నది. 2013లో స్వతంత్ర పౌర విమానయాన ప్రాధికార సంస్థ కోసం లోక్‌సభలో బిల్లు పెట్టారు. సభ ముగిసింది, బిల్లూ మురిగిపోయింది. తర్వాత 1934 నాటి విమానాల చట్టం తీసేసి భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024 తెచ్చారు. 90 ఏళ్ల తర్వాత వచ్చిన అవకాశం అది. అందులోనూ డీజీసీఏ కేంద్ర ప్రభుత్వ పర్యవేక్షణలోనే ఉంది. దాని ఉత్తర్వులను ప్రభుత్వం సమీక్షించవచ్చు. ప్రమాదాలు దర్యాప్తు చేసే ఏఏఐబీ కూడా అదే మంత్రిత్వ శాఖ కింద ఉంది. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో 260 మంది చనిపోయిన ప్రమాదాన్ని దర్యాప్తు చేస్తున్నది ఆ సంస్థే. అక్కడి అధికారుల నిజాయితీని నేను శంకించడం లేదు. రేపు దర్యాప్తులో తప్పు నియంత్రణ సంస్థదే అని తేలితే, ఆ మాట రాయాల్సిన అధికారి, రాయించుకునే అధికారి ఒకే శాఖ మనుషులు. అమెరికా ఈ ఇబ్బంది గుర్తించి 1970లలోనే దర్యాప్తు బోర్డును రవాణా శాఖ నుంచి విడదీసింది.

2025 డిసెంబర్‌లో ఇండిగో విమానాలు రద్దయినప్పుడు ఏం జరిగిందో మీ అందరికీ గుర్తుంది. ఎయిర్‌పోర్టుల్లో నేల మీద పడుకున్న జనం, కుప్పలుగా సూట్‌కేసులు, పెళ్లిళ్లకు, పరీక్షలకు అందుకోలేకపోయినవాళ్ల టెన్షన్. పైలట్ల అలసట తగ్గించడానికి కొత్త నియమాలు 2024 జనవరిలోనే ప్రకటించారు. వారానికి 36 గంటల విశ్రాంతిని 48 చేశారు. రాత్రి ల్యాండింగ్‌లు ఆరు నుంచి రెండుకు తగ్గించారు. ఎయిర్‌లైన్లు గడువు అడిగాయి, పైలట్లు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు, చివరికి 2025 జూలైలో కొన్ని, నవంబర్‌లో కొన్ని అమలయ్యాయి. దేశీయ ప్రయాణికుల్లో మూడింట రెండొంతుల దాకా మోసే ఇండిగో దానికి తగ్గట్టు సిబ్బందిని సిద్ధం చేసుకోలేదు. డిసెంబర్ 5న ఒక్కరోజే వెయ్యికి పైగా సర్వీసులు రద్దయ్యాయి. అప్పుడు డీజీసీఏ ఏం చేసింది? ఇండిగోకు రాత్రి డ్యూటీ నియమాల నుంచి ఫిబ్రవరి దాకా మినహాయింపు ఇచ్చింది. విమానయాన మంత్రి మన శ్రీకాకుళం బిడ్డ రామ్మోహన్ నాయుడు గారు. ఆ వారం టికెట్ ధరలకు పరిమితి పెట్టక తప్పలేదు. ఆ స్థితిలో మినహాయింపు ఇవ్వకపోతే జనం ఇంకా ఇరుక్కుపోయేవారు, అది నేను ఒప్పుకుంటాను. కానీ అలసిన పైలట్ విమానం దింపకూడదు అన్నది భద్రతా నియమం. అది ఒక కంపెనీ పరిమాణాన్ని బట్టి సడలిందంటే, ఆ నియమానికి కాపలా ఉన్నవాళ్ల చేతికి తగినంత బలం ఇవ్వలేదన్న మాట.

టికెట్ ధర మాట వచ్చింది కాబట్టి ఇంధనం మీద ఒక్క మాట. ఎయిర్‌లైన్ ఖర్చులో సుమారు 40 శాతం ఇంధనమే. అది జీఎస్టీలో లేదు, ఒక్కో రాష్ట్రం ఒక్కో వ్యాట్. ఇది మార్చడం కేంద్రం, రాష్ట్రాలు కూర్చుని తేల్చాల్సిన పని.

ఒప్పంద పత్రం చట్టం కన్నా ఎక్కువ శాసిస్తుందనడానికి మన వరంగల్లే ఉదాహరణ. నిజాం కాలంలో మామునూరులో విమానాశ్రయం ఉండేది. శంషాబాద్ విమానాశ్రయం కోసం 2004లో చేసుకున్న ఒప్పందంలో, 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదన్న షరతు ఉంది. పెట్టుబడి పెట్టేవారికి భరోసా కావాలి, నిజమే. కానీ వరంగల్ ప్రజల్ని ఆ సంతకం పెట్టే ముందు ఎవరూ అడగలేదు. శంషాబాద్ నిర్వాహకులు అభ్యంతరం లేదని చెప్పాకే, 2025లో మామునూరుకు అనుమతి వచ్చింది.

మాస్టారి ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాను. దానికి మన చట్టంలోనే ఒక దారి ఉంది. ఇళ్లు కొనేవాళ్లకు కూడా ఒకప్పుడు ఇదే గతి. ఫ్లాట్ కోసం కట్టిన డబ్బు బిల్డర్ వేరేచోట పెట్టేవాడు, కంపెనీ మునిగితే కొన్నవాళ్లు వరసలో చివర. 2016లో రెరా చట్టం వచ్చింది. కొన్నవాళ్ల నుంచి తీసుకున్న డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలి, ఆ ప్రాజెక్టుకే వాడాలి అంది. 2018లో దివాలా చట్టం సవరించి వాళ్లను ఆర్థిక రుణదాతలుగా గుర్తించారు. ఫ్లాట్ కొన్నవాళ్లు వీధికెక్కారు, కోర్టులకెళ్లారు, సాధించుకున్నారు.

టికెట్ డబ్బు కూడా విమానం ఎగిరేదాకా ప్రయాణికుడి డబ్బే. దాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచి, ప్రయాణం పూర్తయ్యాక ఎయిర్‌లైన్‌కు విడుదల చేసేలా నియమం రాయవచ్చు. మాస్టారు అప్పులవాళ్ల వరసలో నిలబడే అవసరమే ఉండదు, ఆ డబ్బు కంపెనీ ఆస్తిలో కలవదు కాబట్టి. ఎయిర్‌లైన్లు దీన్ని వ్యతిరేకిస్తాయి. ముందే వచ్చిన టికెట్ డబ్బుతోనే వాళ్లు ఇంధనం కొంటారు, జీతాలు ఇస్తారు. అది నిజమైన ఇబ్బందే. అందుకే మొత్తం కాకుండా కొంత శాతంతో మొదలుపెట్టవచ్చు, లేదా ప్రతి టికెట్ మీద కొద్ది మొత్తం తీసి ఒక రక్షణ నిధి పెట్టవచ్చు. బ్రిటన్‌లో టూర్ ప్యాకేజీలకు 1970ల నుంచి అలాంటి రక్షణ ఉంది. 2019లో థామస్ కుక్ అనే టూర్ కంపెనీ మూతపడినప్పుడు విదేశాల్లో చిక్కుకున్న లక్షన్నర మందిని అక్కడి ప్రభుత్వం ఇంటికి చేర్చగలిగింది.

దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. 2024 చట్టం కింద నిబంధనలు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. కావాల్సింది ఎవరో ఒకరు కూర్చుని ముసాయిదా రాయడం. నేను మొదలుపెట్టాను, నాలుగు పేజీలు అయ్యాయి. ఎంత శాతం, ఏ బ్యాంకు, రీఫండ్ ఎన్ని రోజుల్లో అన్న మూడు చోట్ల ఆగిపోయాను. మాస్టారి 11 టికెట్ల కాపీలు ఆ ఫైల్లోనే ఉన్నాయి. మీలో ఎవరైనా కలిసి పనిచేస్తామంటే సభ అయ్యాక నన్ను కలవండి, కాగితాలన్నీ ఇస్తాను.

ఇక మీ ప్రశ్నలు అడగండి.